బోల్టన్ జట్టు నాయకుడు హ్యారీ గోస్లిన్

నూలుమిల్లులకు పేరుగన్న, ఇంగ్లండులోని మా బోల్టన్ పట్టణమున, 1895 మొదలు 1997 వఱకు బోల్టన్ వాండరర్స్ ఫుట్‌బాల్ జట్టునకు ఆటపట్టయిన బర్న్‌డెన్ పార్కు నేడు అంగడిగా మారినది. అచ్చట ఉప్పుపప్పులు కొను మాబోంట్లకు కాలిక్రింది నేల సంగతి తలపునకే రాదు.

1939 ఏప్రిల్ 8, ఈస్టరు ముందటి శనివారమునాడు, ఆ నేలమీదనే సండర్లాండు జట్టుతో ఆట మొదలగుటకు మునుపు, నాయకుడు హ్యారీ గోస్లిన్ ప్రేక్షకుల యెదుట నిలిచి, దేశమునకు ఆపద వచ్చిపడినదనియు, ఈ బరువు పరులపైకి నెట్టి ఊరకుండరాదనియు, ఎవరి పాలు వారు మోయవలెననియు పలికెను. హిట్లరు ప్రాగు నగరమును ఆక్రమించి అప్పటికి నెల తిరుగలేదు. నిర్బంధ సైనికసేవా శాసనము ఇంకను పుట్టలేదు. పదిమందిలో ధర్మపన్నములు చెప్పుట సులభమే కాని, చెప్పినవాడే ముందు నడచి, తనవెంట జట్టులో పెక్కుమందిని ఊరి ఫిరంగిదళమైన 53వ ఫీల్డ్ రెజిమెంటులో చేర్చుట అరుదు.

1909లో డెర్బీషైరున పుట్టి, 1930లో ఇచ్చటికి వచ్చిన ఈతడు హాఫ్‌బ్యాకుగా మూడువందలకు పైగా ఆటలాడెను. ఎంతటి ఆటగానికైనను వారమునకు ఎనిమిది పౌండ్లకు మించి ఈయరాదన్న కట్టడి గల రోజులవి. యుద్ధము రాగానే లీగు పోటీలు నిలిచి ఆ జీతమును పోయెను.

1940లో డంకర్కు మీదుగా తప్పించుకొని వచ్చిన ఆ దళము పిమ్మట ఈజిప్టు, ఇరాకులు తిరిగి, మన 8వ భారత డివిజనులో భాగమై 1943లో ఇటలీ చేరెను. భారత పదాతులు ముందుకు సాగుచుండ వెనుకనుండి గుండ్లు కురిపించినవి మా ఊరి ఫిరంగులే యన్న మాట ఇచ్చటి భారతీయులలోనే యెందఱెఱుగుదురు! ఫిరంగులకు లక్ష్యము కనబడదు. శత్రువునకు మిక్కిలి చేరువనున్న గుంటలో ఒక అధికారి దాగి, పడిన గుండును చూచి, కుడికో ఎడమకో, ముందుకో వెనుకకో జరుపుమని తంతిమీదనో రేడియోలోనో చెప్పవలెను. సాంగ్రో నదీ ప్రాంతమున అట్టి కాపుచోటనున్న లెఫ్టినెంటు గోస్లిన్, మోర్టారు గుండు ప్రేలగా గాయపడి, 1943 డిసెంబరు 18న ముప్పదినాలుగవ యేట కన్నుమూసెను.

తోడివారిలో పెక్కుమంది తిరిగివచ్చిరి. వారిలో స్టాన్ హాన్సన్ 1953 ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీలో గోలు కాచెను. 3-1తో ముందుండియు బ్లాక్‌పూలునకు 4-3తో ఓడిన ఆ ఆటను తలచుకొని మా ఊరివారు నేటికిని నొచ్చుకొనుచుందురు.