అతుకుల బొంత

ఎక్కడ సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడ్డా తెలుగు పత్రికలకు ఒక మాట సిద్ధంగా ఉంటుంది: అతుకుల బొంత. నాలుగు పార్టీలు కలిసి గద్దెనెక్కితే చాలు, ఏ అతుకు ఎప్పుడు ఊడుతుందోనని వ్యాఖ్యలు మొదలవుతాయి. ఈ పోలిక మొదట వాడినవారు బొంత కప్పుకుని ఉంటారు గానీ కుట్టి ఉండరు. పై పొర మీంచి అడుగు పొర దాకా దిగే కుట్లు, అంగుళానికో వరస చొప్పున, బొంత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుస్తాయి. లోపలి గుడ్డ చివికి పీలికలైనా కుట్లు దాన్ని జారనివ్వవు. పిల్లలు పక్క తడిపినా, ఏడాదికోసారి చెరువులో నానబెట్టి బండకేసి బాదినా, ఒక తరం చలికాలాలను అది ఓపికగా మోసేది.

పాత గుడ్డను ఆఖరి పోగు దాకా వాడుకోవడం గురించి మన దేశంలో రాసిపెట్టిన పాత కథల్లో ఒకటి కౌశాంబిది. బౌద్ధుల వినయ పిటకంలోని చుల్లవగ్గలో ఉంది. ఉదయన రాజు అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడైన ఆనందుడి బోధ విని మురిసిపోయి 500 ఉత్తరీయాలు దానమిచ్చారు. రాజుకు ఒళ్లు మండింది. సన్యాసికి ఇన్ని బట్టలెందుకు, అంగడి పెడతాడా అని నిలదీయడానికి వెళ్లాడు. చిరిగిన చీవరాలున్న భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవేం చేస్తారు? పక్క మీద పరుస్తాం. పాత పక్కగుడ్డలు? పరుపు గలీబులవుతాయి. పాత గలీబులు? నేల మీద పరుస్తాం. అవీ పాడైతే కాళ్లు తుడుచుకునే గుడ్డలు, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. అవి కూడా చిరిగాక ముక్కలు చేసి, మట్టిలో కలిపి పిసికి నేల అలుకుతాం. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. రాజు మరో 500 బట్టలు ఇచ్చాడు.

మన ఇళ్లలో గుడ్డ నడిచిన దారి కూడా దాదాపు ఇదే. కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీర ముందు ఉయ్యాలయ్యేది. చిన్న ముక్కలు పొత్తిగుడ్డలయ్యేవి. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ కట్టకపోవడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. గంజి, బిరుసు అన్నీ పోయిన పాత నూలే పసి ఒంటికి ఒరుసుకోదు. ‘పొత్తిళ్లలో బిడ్డ’ అనే మాట ఆ గుడ్డల్లోంచి వచ్చిందే. ఇంకాస్త చివికితే బొంతలోకి, అక్కడా పనికిరాకపోతే పొయ్యి దగ్గర మసిగుడ్డగా. లాంతరుకు వత్తి లేని రాత్రి ఆ పీలికే వెలిగేది.

ఇంత పొదుపు ఎందుకంటే గుడ్డ వెనక అంత చాకిరీ ఉండేది. మిల్లులు రాకముందు ఒక్క మగ్గం ఆగకుండా ఆడాలంటే నలుగురైదుగురు కూర్చుని రాట్నం తిప్పాలి. పత్తి ఏరడం, ఏకడం, వడకడం, పడుగు పెట్టడం, గంజి పట్టించడం, ఇన్ని చేతులు దాటితే గానీ చీర ఒంటి మీదికి రాదు. మిల్లు బట్ట వచ్చాక కూడా కొరత పోలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మిల్లుల సరుకులో చాలా భాగం సైన్యానికి మళ్లింది, ధరలు కొండెక్కాయి. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం నూలు మీద, బట్ట మీద నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. జనం నోట్లో అది ‘కంట్రోలు’ అయింది. చీర కోసం కూడా వరసలో నిలబడిన ఆ రోజుల్లో పాత పంచెను పారేయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

బొంత కుట్టేది ఎక్కువగా ఎండాకాలంలో, పొలం పనులు తీరాక. ఉతికి ఆరేసిన గుడ్డలను వాకిట్లోనో వసారాలోనో పరుస్తారు. అడుగున గట్టి చీర ఒకటి. దాని మీద చిరిగిన పంచెలు, లుంగీలు, వెలిసిన రవికలు విప్పిన ముక్కలు. ఎక్కడ పలచగా ఉందో అరచేత్తో నిమిరి చూసి అక్కడో ముక్క వేస్తారు. పైన, ఉన్నవాటిలో అందమైన చీర. ముడత లేకుండా లాగి మూలల్లో రాళ్లు పెడతారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గొంతుక్కూర్చుని, పెద్ద సూదిలో లావు దారం ఎక్కించి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. కుట్టేకొద్దీ బొంత వాళ్ల కాళ్ల కింద మెత్తటి నేలలా పరుచుకుంటుంది. సూదికి ఎదురు తగిలే వేలికి గుడ్డపీలిక చుట్టుకోవడం తెలియకపోతే సాయంత్రానికి వేలు పుండవుతుంది. ఏ ముక్క ఎవరి చీరదో, ఏ పెళ్లికి కొన్నదో ఈలోగా చర్చకు వస్తుంది.

ఇదే పనికి ఒక్కో సీమలో ఒక్కో పేరు. కన్నడంలో కౌది, మరాఠీలో గోధడి, బీహారులో సుజని, బెంగాల్లో కాంథా. సంస్కృతంలోని ‘కంథ’కు తెలుగు నిఘంటువుల్లో కనిపించే అర్థం కూడా బొంతే. బెంగాలీ స్త్రీలు చీర అంచుల్లోంచి రంగు దారాలు లాగి, వాటితోనే తెల్లటి పాత గుడ్డ మీద తామరలు, ఏనుగులు, రథాలు కుట్టారు. అద్దం, దువ్వెన చుట్టిపెట్టుకోవడానికో కాంథా, పుస్తకాలకో కాంథా. 1929లో జసీముద్దీన్ రాసిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యంలో నాయిక తన బతుకంతా ఒక కాంథా మీద కుడుతుంది. ఐసీఎస్ అధికారిగా పనిచేసిన గురుసదయ్ దత్ పల్లెలు తిరిగి సేకరించిన కాంథాలు తర్వాత కోల్‌కతా దగ్గర జోకాలోని మ్యూజియానికి చేరాయి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. వాళ్ల బొంత పేరు కవండ్. నాలుగు మూలల్లో ముక్కోణంగా మడిచిన గుడ్డలతో ‘ఫూల్’లు పెడితే గానీ అది పూర్తయినట్టు కాదు. అవి లేని కవండ్ బట్టల్లేని మనిషి లాంటిదని వాళ్ల లెక్క.

తెలుగు ఇంట్లో బొంతకు మొదటి పోటీ దుప్పటి నుంచి రాలేదు, స్టీలు డబ్బా నుంచి వచ్చింది. ‘పాత బట్టలకు స్టీలు సామాన్లు’ అనే కేక మధ్యాహ్నం వీధిలో వినిపించగానే ఇల్లాళ్లు మూటలు విప్పేవారు.

“ఈ డబ్బాకి ఇంకో రెండు ప్యాంట్లు వెయ్యాలమ్మా.”

“ప్యాంట్లు లేవు గానీ ఈ చీర తీసుకో. మూత బాగా పడుతుందా?”

పాత చీరను బొంతలో దాచితే పదేళ్లకు చిరుగుతుంది, స్టీలు డబ్బా మనవరాలి దాకా ఉంటుంది. ఇల్లాలి లెక్కలో తప్పేమీ లేదు. అసలు జరీ ఉన్న పట్టుచీరలకు వేరే కొనుగోలుదారులు వచ్చేవారు. జరీని కాల్చి వెండి తీసేవారు. మూటల్లో వెళ్లిన మామూలు బట్టలు మళ్లీ అంగళ్లకు చేరేవి. ఉత్తరాదిలో ఇలాంటి వ్యాపారానికి ఢిల్లీలోని రఘుబీర్ నగర్ పెద్ద కూడలి. వాఘ్రీ కులంవాళ్లు ఇల్లిల్లూ తిరిగి గిన్నెలిచ్చి తెచ్చిన బట్టలు అక్కడ తెల్లవారకముందే చేతులు మారతాయి. గుడ్డ వృథా కాలేదు, కాకపోతే ఇల్లు దాటింది.

రెండో దెబ్బ గుడ్డలోంచే తగిలింది. 1982లో మహారాష్ట్రలోని పాతాళగంగలో రిలయన్స్ పాలిస్టర్ కర్మాగారం మొదలైంది. నూలుతోపాటు కృత్రిమ దారాలకూ చోటివ్వాలని 1985 జౌళి విధానం నిర్ణయించింది. నైలెక్సు, పాలిస్టర్ చీరలు పల్లె సంతల దాకా వచ్చాయి. గంజి పెట్టక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, పిండగానే ఆరుతుంది, చిరగదు. చాకిరీ చేసే ఆడమనిషికి అదెంత సుఖమో చెప్పనక్కర్లేదు. అయితే చిరగని చీర బొంతకు రాదు. వచ్చినా పొరలు ఒకదాని మీంచి ఒకటి జారతాయి, చెమట పీల్చదు, నిప్పురవ్వ పడితే కరిగి ముద్దవుతుంది. ఎన్నిసార్లు ఉతికినా పాతబడి మెత్తబడే గుణం దానికి లేదు. బొంతలు తగ్గిపోవడాన్ని జనం దుబారాకు అలవాటు పడ్డారనడానికి సాక్ష్యంగా చూపుతుంటారు గానీ, అంతకంటే ముందు బీరువాలోని గుడ్డే మారిపోయింది.

1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ నగరాల్లో పోగైన పాత చీరలతో సుజనీలు కుట్టిస్తోంది. మరోవైపు ఖరీదైన అంగళ్లలో ‘చేత్తో కుట్టిన’ అతుకుల దుప్పట్లు అమ్ముడవుతున్నాయి. వాటిలో కొన్నింటి కోసం కొత్త బట్టనే ముక్కలు చేసి అతుకుతున్నారు. మన ఊళ్లలో కొందరు పాత చీరలు తీసుకుని మిషను మీద బొంత కుట్టిస్తున్నారు. మిషను కుట్టు త్వరగా అవుతుంది, వరసలు గీత గీసినట్టు వస్తాయి. మూట విప్పగానే కుట్టేవాళ్లు మాత్రం ముందు రంగు చూడరు. చీర చెంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసి, జారేవి ఒక పక్కన పడేసి, “నూలువి ఇంకేమైనా ఉన్నాయామ్మా?” అని అడుగుతారు.