ప్రమాణానికి దేవుడి సాక్ష్యం కావాలా?

దేవుడంటే భయం లేనివాడి మాట నమ్మవచ్చా అన్న ప్రశ్న మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. ఈ ప్రశ్న మీదనే బ్రిటిష్ పార్లమెంటు దాదాపు ఆరేళ్ళు తగవులాడింది. ఆ కథ మన సభ్యులకు ఆసక్తిగా ఉంటుందని రాస్తున్నాను.

1880లో నార్తాంప్టన్ నుంచి ఛార్లెస్ బ్రాడ్లా కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. పేరుమోసిన నాస్తికుడు. సభలో కూర్చోవాలంటే దేవుని పేర ప్రమాణం చేయాలి. బదులుగా ఆత్మసాక్షిగా ప్రతిజ్ఞ చేస్తానన్నాడు. కోర్టు సాక్షులకు ఆ వెసులుబాటు అప్పటికే ఉంది. సభ మాత్రం ఒప్పుకోలేదు. సరే, ప్రమాణమే చేస్తాను, అందులో కొన్ని మాటలకు నా దృష్టిలో అర్థం లేకపోయినా దాని భావానికి కట్టుబడి ఉంటాను అన్నాడు. అదీ కుదరదన్నారు. నమ్మకం లేనివాడి ప్రమాణం చెల్లదట! సభ విడిచి వెళ్ళనందుకు ఆ జూన్‌లో గడియార స్తంభంలో ఒక రాత్రి నిర్బంధించారు. నార్తాంప్టన్ ఓటర్లు మాత్రం మళ్ళీ మళ్ళీ ఆయననే గెలిపించి పంపారు. చివరకు 1886లో స్పీకరు అభ్యంతరాలు వినకుండా ప్రమాణం చేయనిచ్చాడు. 1888లో దేవుని పేరు లేని ప్రతిజ్ఞకు చట్టమే వచ్చింది.

ఆయన అబద్ధాలకోరే అయితే మొదటిరోజే ఆ నాలుగు ముక్కలు గొణిగి కూర్చునేవాడు, అడిగేవారు లేరు. నమ్మకం లేదని ఉన్నమాట చెప్పినందుకే గుమ్మం బయట నిలబడవలసి వచ్చింది. దేవుని సాక్షిగా అని రాసిన అర్జీలు మన సర్వీసులో ఎన్ని చూడలేదు, విచారణలో ఎన్ని నిలిచాయి!

బ్రాడ్లా 1889లో బొంబాయి కాంగ్రెసుకు వచ్చాడు, 1891 జనవరిలో మరణించాడు. లండన్‌లో చదువుతున్న గాంధీజీ ఆయన అంత్యక్రియలకు వెళ్ళినట్టు ఆత్మకథలో రాసుకున్నారు. దేవుడే సత్యం అనడం కన్నా సత్యమే దేవుడు అనడం మేలని 1931లో స్విట్జర్లాండులో ఆయన వివరించారు. సత్యాన్ని నాస్తికులు సైతం కాదనరన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. మన గోరాగారు నాస్తికులు. వారి కుమార్తె వివాహం తానే జరిపిస్తానని, దేవుని పేర అనే చోట సత్యం పేర అంటానని గాంధీజీ ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి గాంధీజీ పోయాక, 1948 మార్చిలో, సేవాగ్రాంలో జరిగింది.

మన రాజ్యాంగం మూడవ షెడ్యూలులో రెండు దారులూ ఉన్నాయి: దేవుని పేర ప్రమాణం, లేదా ఆత్మసాక్షిగా ప్రతిజ్ఞ. 1969 నాటి ప్రమాణాల చట్టం ఇంకొక అడుగు వేసింది. ప్రమాణం చేయించడం మరచినా సాక్ష్యం చెల్లుతుంది, నిజం చెప్పవలసిన బాధ్యత సాక్షిని వదలదు అని దాని 7వ సెక్షను చెబుతున్నది.