మేస్త్రీ గేజ్ పోగొట్టుకున్నది

1848 సెప్టెంబరు 13. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో కావెండిష్ వద్ద, రైలుమార్గం కోసం బండరంధ్రంలో మందు కూరుతుండగా పేలుడు సంభవించి, మూడడుగుల ఏడంగుళాల ఇనుపకడ్డీ ఫినియాస్ గేజ్ ఎడమచెంపలో దూరి నడినెత్తిన వెలువడింది. ఆశ్చర్యం, అతడు బ్రతికాడు!

పాతికేళ్లకే కూలీల ముఠాను నడిపిన సమర్థుడతడు. మాట, జ్ఞాపకశక్తి నిలిచాయి. వేసిన పథకంపై నిలకడ పోయింది. యజమానులు పాత పని తిరిగి అప్పగించలేదని వైద్యుడు హార్లో 1868లో ప్రకటించారు.

దెబ్బతిన్నది నుదుటి వెనుక భాగం. ముందుచూపు, నిగ్రహం చాలావరకు దాని పనులే. విద్యార్థులలో అది ఇరవై ఏళ్లు దాటినా పరిపక్వమవుతూనే ఉంటుంది. మనమేమో పదిహేనేళ్లవాడి ఒక్క తొందరపాటు చూసి, వీడికి నాయకత్వం చేతకాదని తేల్చేస్తాం.

ఆ గేజే తరువాత చిలీ దేశంలో ఏళ్ల తరబడి ఆరుగుర్రాల బండి తోలాడు. మేము చదివిన పుస్తకాలలో ఆ సంగతి లేదు.