డౌన్‌లోడ్ లెక్క, టికెట్ లెక్క

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవి, తప్పులుంటే మన్నించండి.

పోయిన కూటంలో ఒక మాట విన్నాము. మన సంఘ చరిత్ర పుస్తకం వెబ్‌సైట్‌లో వేలల్లో డౌన్‌లోడ్ అయిందట, ఇక అచ్చు వేయనక్కర లేదట. వినగానే నాకు బుకింగ్ కౌంటర్ జ్ఞాపకం వచ్చింది.

అప్పుడు అట్ట టికెట్లు. 1830లలో ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్సన్ అనే స్టేషన్ మాస్టరు మొదలుపెట్టిన పద్ధతి. ప్రతి టికెట్టుకూ వరుస నంబరు. డ్యూటీ ఎక్కేటప్పటి నంబరు, దిగేటప్పటి నంబరు చూసి తీసివేస్తే ఎన్ని పోయాయో తెలిసేది. అంతటితో అయిపోదు. రద్దయినవి తీసి, ఆ తరువాతే పద్దు రాయాలి. తేడా వస్తే మన జీతంలో పట్టుకునేవారు!

వెబ్‌సైట్ సర్వర్ కూడా ఎవరు ఏది అడిగినా లాగ్‌లో ఒక వరుస రాసుకుంటుంది. ఏ ఐపీ చిరునామా, ఏ సమయం, ఏ ఫైల్, ఏ కోడ్, ఎన్ని బైట్లు. 1990లలో అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ సర్వర్‌తో వచ్చిన ఈ పద్ధతే అందరికీ అలవాటైంది. కోడ్ 200 అంటే ఫైల్ ఇచ్చాము, 404 అంటే లేదు, 206 అంటే ఒక ముక్క ఇచ్చాము. చిక్కంతా ఈ 206 దగ్గరే. పెద్ద పీడీఎఫ్‌ను ఫోను ముక్కలుగా అడుగుతుంది. ఒకాయన ఒక్కసారి తెరిస్తే పది వరుసలు పడవచ్చు. సెర్చ్ ఇంజిన్ల రోబోలు వచ్చి తీసుకుపోయేవి వేరే.

1995లో కేంబ్రిడ్జిలో స్టీఫెన్ టర్నర్ ఈ లాగ్‌లను కూడి చూపే ఎనలాగ్ అనే ప్రోగ్రామ్ ఇచ్చారు. కూడిక సులువైంది, తీసివేత కాలేదు. దాన్ని పట్టించుకున్నది లైబ్రరీలవారు, ఎందుకంటే పత్రికలకు చందా కట్టేది వాళ్లు. 2003లో వచ్చిన కౌంటర్ నియమావళి ప్రకారం ఒకే మనిషి ఒకే పీడీఎఫ్‌ను 30 సెకన్లలోపు రెండుసార్లు నొక్కితే ఒకటిగానే లెక్క. (పేరు చూడండి, మా కౌంటరే!) 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 ఒక్క రోజులో 80,02,530 డౌన్‌లోడ్లతో గిన్నిస్‌కెక్కింది. అక్కడ కూడా లాగ్‌లు తనిఖీ చేశాకే ఆ అంకె ఒప్పుకున్నారు.

తక్కువగా పడే లెక్కా ఉంది. మన పిల్లవాడు ఒకడు దించుకుని వాట్సాప్‌లో పది ఇళ్లకు పంపితే లాగ్‌లో ఒక్కటే. ఫోను పట్టని మా పెద్దమ్మ లాంటివాళ్లకైతే ఏ వరుసా లేదు. అచ్చు పుస్తకం కోసం ఎదురుచూసేది వాళ్లే.

అందుకని కార్యదర్శిగారికి నా మనవి. ఆ లాగ్ ఫైల్ ఇప్పించండి. రోబోలు, ముక్కలు, రెండోసారి నొక్కినవి తీసేసి పద్దు నేనే రాసిస్తాను. రిటైరైన మనిషిని, పొద్దు పోవాలి కదా. అచ్చు ఆపే సంగతి ఆ తరువాత మాట్లాడదాం.