పానాల పెట్టె కథ

మోటారు బండి గల ప్రతి ఇంటను ఒక చిన్న పెట్టె యుండుట వాడుక. అందులో రెండు మూడు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక కటింగ్ ప్లయరు ఉండును. బండి నడచినంత కాలము దాని నెవరును తలపరు. నడిరోడ్డున బండి నిలిచిననాడు మాత్రము పెట్టెలో ఏమున్నది, ఉన్నది పనికి వచ్చునా రాదా అను ప్రశ్న పుట్టును. ఆ పెట్టె చరిత్రను కొంత శ్రోతల ముందుంచదలచినాము. పేరునకు చరిత్రయే గాని, తక్కువ ఖర్చుతో మంచి పనిముట్లను ఎంచుకొనుటకు కావలసిన తెలివి చాలవరకు అందులోనే యున్నదని మా నమ్మకము.

మోటారు బండిపై జరిగిన మొట్టమొదటి దూరప్రయాణమున పెట్టె యక్కరకు వచ్చిన మాటే వినరాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అను జర్మను గృహిణి, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిని భర్తతో చెప్పకయే తీసికొని, ఇద్దరు కుమారులతో మన్‌హైమ్ నుండి పుట్టినిల్లగు ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరెను. దారి నూరు కిలోమీటర్లకు పైమాట. ఇంధనపు గొట్టము పూడుకొనగా, టోపీకి గ్రుచ్చు పొడవాటి సూదితో దానిని శుభ్రపరచెను. విద్యుత్తీగపై తొడుగు అరిగిపోగా మేజోటి పట్టీని చుట్టెను. గొలుసు కొరకు దారిలో కమ్మరిని, బ్రేకు చెక్కల కొరకు చెప్పులు కుట్టువానిని ఆశ్రయించెను. చెక్కలపై అతడు తోలు దిగగొట్టి యిచ్చెను. ఆమె పనిముట్ల పెట్టె సగము ఆమె ఒంటిమీదనే యుండె ననవచ్చును.

సూదికిని పట్టీకిని కొలతలు లేవు. నట్టుకును బోల్టుకును కలవు. చిక్కంతయు అక్కడనే మొదలైనది. ఆ సంగతి తెలియుటకు బెర్తా బెంజ్ ప్రయాణము కన్న అర్ధశతాబ్దము వెనుకకు పోవలెను. ఆనాడు ఇంగ్లండులో ఒక్కొక్క కర్మాగారము తన మరలను తన యిష్టము వచ్చిన కొలతలో కోసికొనుచుండెను. ఒకచోటి నట్టు వేరొకచోటి బోల్టుకు పట్టదు. మాంచెస్టరులోని యంత్రనిర్మాత జోసెఫ్ విట్‌వర్త్ అనేక కర్మాగారముల నుండి బోల్టులను సేకరించి, వాని సగటులను కట్టి, 1841లో అందరికిని ఒకే పద్ధతిని ప్రతిపాదించెను. మర పంటి కోణము 55 డిగ్రీలు. ఇంత వ్యాసమునకు అంగుళమునకు ఇన్ని పళ్లని నిర్ణయము. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూటు సభలో 60 డిగ్రీల పద్ధతిని ప్రతిపాదించెను. విట్‌వర్త్ పంటి అంచు గుండ్రన, సెల్లర్స్ పంటి అంచు చదును. చదునుది కోయుట సామాన్యపు పనివానికి సులభమని అతని వాదము. ఐరోపాఖండము వారు 1898లో జూరిచ్‌లో సమావేశమై మిల్లీమీటర్ల పద్ధతి నొకటి ఏర్పరచుకొనిరి. మోటారు బండి బాల్యమునకే మూడు సంప్రదాయములు సిద్ధమైనవి.

పానాలు కొనువాని కష్టములు చాలవరకు ఇందుండి పుట్టినవే. విట్‌వర్త్ పానాపై చెక్కిన అంకె పానా నోటి వెడల్పు కాదు, అది త్రిప్పవలసిన బోల్టు వ్యాసము. అమెరికా పానాపై అంకె నోటి వెడల్పునే చెప్పును. కావున అర అంగుళమని చెక్కిన రెండు పానాలను ప్రక్కప్రక్క నుంచినచో ఒకటి అన్నవలెను, ఒకటి పసితమ్మునివలెను కనబడును. ఇంతకన్న వింత యొకటి కలదు. 1923లో మోరిస్ కంపెనీ కొన్న కోవెంట్రీ ఇంజను కర్మాగారము అంతకుముందు హాచ్‌కిస్ అను ఫ్రెంచి కంపెనీది. యంత్రములు ఫ్రెంచివి. అందుచే అచ్చట తయారైన ఇంజనులలో మర ఫ్రెంచివారి మిల్లీమీటరుది, బోల్టు తల మాత్రము ఇంగ్లీషువారి విట్‌వర్త్‌ది! ఇంగ్లీషు మెకానిక్కు తన పానాతో దానిని త్రిప్పగలడు గాని, తన దుకాణపు నట్టును దానికి ఎక్కించలేడు.

ఈ గందరగోళమునకు ఉపాయము వెదకినవారిలో ఇద్దరిని తలచుకొనవలెను. మొదటివాడు స్వీడనులోని ఎన్‌చోపింగ్ పట్టణమున పనిచేసిన యోహాన్ పెట్టర్ యోహాన్సన్. నట్టు నట్టుకును ఒక పానా మోసికొని తిరుగలేక, దవడను మరతో జరుపుకొను పానాను రూపొందించి 1890ల ఆరంభమున పేటెంటు పొందెను. మనము స్క్రూ రెంచి అనునది దాని సంతతియే. ఆ పానాలను ప్రపంచమంతట అమ్మిన బాకో కంపెనీ తోడ్పాటుతోనే 1969లో మనదేశమున తపారియా వారు చేతి పనిముట్ల తయారీ నారంభించిరి.

రెండవవాడు అమెరికాలోని మిల్వాకీ నగరమున జో జాన్సన్. ఆనాటి సాకెట్టు పానాలలో ప్రతి సాకెట్టుకును దాని పిడి దానికే అతికి యుండెడిది. ఐదు పిడులు, పది సాకెట్లు విడివిడిగా చేసి, దేనినైనను దేనికైనను తగిలించు ఏర్పాటు చేసినచో ఏబది పానాల పని జరుగునని అతడు లెక్క కట్టెను. అతని యజమానులు ఒప్పుకొనలేదు. అతడు మిత్రునితో కలిసి 1920లో స్నాప్-ఆన్ అను కంపెనీని పెట్టెను. నేడు బజారులోని ప్రతి సాకెట్టు పెట్టెయు ఆ లెక్కకు ఋణపడి యున్నది.

ఈలోగా బండ్లు తయారుచేయువారును కొంత భారము వహించిరి. 1908లో వెలువడిన ఫోర్డు టి మోడలు కారుతోపాటు కొద్ది పనిముట్లను కంపెనీయే యిచ్చెడిది. పొలములోని రైతే తన కారును బాగుచేసికొనవలెనని వారి యుద్దేశము. మన మెకానిక్కులు ‘స్టారు’ అని పిలుచు ఫిలిప్స్ స్క్రూ 1936లో కాడిలాక్ కార్ల తయారీతో వచ్చి స్క్రూడ్రైవరును రెండు చేసినది. యుద్ధకాలమున ఒకరి యంత్రమునకు మరొకరి బోల్టు పట్టక పడిన పాట్లు చాలునని, 1948 నవంబరులో అమెరికా, బ్రిటను, కెనడాలు 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒడంబడిక చేసికొనినవి.

మనదేశమున ఈ సంప్రదాయములన్నియు ఒకే చెట్టు క్రిందికి చేరినవి. 1955 నుండి మద్రాసులో తయారైన బుల్లెట్టు మోటారుసైకిలుకు అంగుళపు పానాలు కావలెను. 1957లో వచ్చిన అంబాసిడరుకును అంతే. 1956 చట్టముతో మనము మెట్రిక్ కొలతలను స్వీకరించినను, పాత బండ్లలోని బోల్టులకు చట్టములు తెలియవు గదా! 1983 డిసెంబరులో మారుతి 800 మిల్లీమీటర్లతో ప్రవేశించెను. పిమ్మట చాలకాలము మన మెకానిక్కు రెండు పెట్టెలు మోసెను.

నేడు మన రోడ్లపైని క్రొత్త బండ్లన్నియు దాదాపు మిల్లీమీటర్లవే. అందును చిన్న భేదము కలదు. 8 మిల్లీమీటర్ల బోల్టు తల జపాను సంప్రదాయమున 12, ఐరోపా సంప్రదాయమున 13. మనదేశమున అమ్ము పానాల సెట్టులో ఒక కొస 12, మరొక కొస 13గా నుండు పానా ఆ రెండు దేశములకును మధ్యవర్తి.

ఇంత చదివియు మేము మోసపోయిన సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. కొన్నేండ్ల క్రిందట బజారులో 108 ముక్కల పెట్టె నొకదానిని చౌకగా కొంటిమి. అష్టోత్తరశతము సంఖ్య మనస్సునకు హితముగా నుండెను. ఏలూరు నుండి విజయవాడకు వచ్చుచు, హనుమాన్ జంక్షను వద్ద టీకి ఆగి తిరిగి ఎక్కగా బండి కదలలేదు. బ్యాటరీ తీగ వదులైనది. 10 అంకె పానాతో నట్టును బిగింపబోగా పానా నోరు తెరచుకొని, నట్టు మూలలు అరిగి గుండ్రనైనవి. 108 ముక్కలలో ఆ పెట్టెకు 10 అంకె పానా అదొక్కటే. తక్కినవానిలో సగమునకు పైగా స్క్రూడ్రైవరు మొనలు!

రోడ్డుప్రక్క మెకానిక్కు ఒక గోనెగుడ్డ విప్పెను. అందులో ఆరు పానాలు. “సారూ, తెరిచిన నోరు రెండు వైపులే పడుతుంది. రింగయితే ఆరు మూలలూ పడుతుంది” అని, అరిగిన నట్టుపై 9 అంకె రింగును సుత్తితో దిగగొట్టి బిగించెను. పుచ్చుకొనినది ఏబది రూపాయలు.

ఆ పిమ్మట మేము పెట్టె కొనలేదు. మా బండి నుండి వేర్వేరు కొలతల బోల్టులను నాలుగింటిని తీసి జేబులో వేసికొని దుకాణమునకు పోయి, ఒక్కొక్కదానిపై రింగును తొడిగి చూచి, ఊగులాడనివానిని ఏరుకొంటిమి. క్రోమ్ వెనేడియం అని చెక్కియున్నంత మాత్రమున నమ్మలేదు. 8 నుండి 19 వరకు రింగులు, 10 అంకెకును 12 అంకెకును ఆరు మూలల సాకెట్లు, ఒక పిడి, రెండు స్క్రూడ్రైవర్లు, చక్రపు నట్టులకు సరిపోవు పొడవు పిడి పానా ఒకటి. మొత్తము ఒక గోనెగుడ్డలో ఇమిడినవి. 108 ముక్కల పెట్టె నేటికిని మా ఇంటనే యున్నది. అందులోని మొనలతో పిల్లలు తమ బొమ్మల బ్యాటరీ మూతలు విప్పుకొనుచున్నారు.