రైలు రాని ఊరు

అమెరికా కాన్సాస్ రాష్ట్రంలో నికోడెమస్ అనే ఊరుంది. 2020 సెన్సస్‌లో దాని జనాభా 14.

ఇది 1877లో కెంటకీ నుంచి, బానిసత్వం దాటివచ్చిన నల్లవాళ్లు పెట్టుకున్న ఊరు. సొంత భూమి అన్న మాట నమ్మి వచ్చారు. తీరా వస్తే ఇళ్లు లేవు, కలప లేదు. నేలలో గుంతలు తవ్వుకుని బతికారు. 1878లో భర్తతో వచ్చిన విలియానా హిక్‌మన్ ఊరేదని చూస్తే నేలలోంచి పొగ వస్తోందట. ఏడ్చేసింది.

అయినా దున్నారు. బడి, చర్చి, దుకాణాలు, రెండు పత్రికలు కూడా పెట్టుకున్నారు. 1888లో రైలు దారి సోలమన్ నదికి అవతలి గట్టున పోయింది. దుకాణాలు అటే లేచిపోయి, అక్కడ బోగ్ అనే ఊరైంది. 1930ల కరువు, దుమ్ము తుఫాన్లు ఇంకొంతమందిని తోలాయి. 1953లో పోస్టాఫీసు మూతపడింది. 1996లో మాత్రం జాతీయ చారిత్రక స్థలమైంది. జనం పోయాక గౌరవం వచ్చిందన్నమాట! ఏటా వేసవిలో వలసపోయినవాళ్ల సంతానం విముక్తి పండక్కి తిరిగొస్తారు. వాళ్లు ఆ 14లో లేరు.

అక్కడి సర్కారు ఊరి జనాభా పక్కన జాతినీ రాస్తుంది, ఆదాయాన్నీ అంచనా కడుతుంది. ఇంత చిన్న ఊరికి ఆ అంచనా నిలవదు, నిజమే. మన సెన్సస్ అసలు ఆదాయమే అడగదు. 2011 పట్టికలో మా ఊరి ఎదురుగా ఎస్సీలు అని ఒకే అంకె ఉంది. మాలలెందరు, మాదిగలెందరు తెలీదు. మా అమ్మ కోసం వెతికాను. వ్యవసాయ కూలీల వరుసలో ఒకతె. కూలెంతో లేదు.