సస్పెన్స్ చిత్రాలు, వాటి రీమేక్‌లు: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ గల తేడాను వివరించగలుగుతారు.
• రీమేక్‌ను మూలంతో చారిత్రక దృష్టితో పోల్చగలుగుతారు.

1. ప్రస్తావన

పేరుపొందిన సస్పెన్స్ చిత్రాన్ని మళ్లీ తీశారని వినగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: కొత్తది పాతదానికి దీటుగా ఉందా? ఎవరి అభిరుచిని బట్టి వారు దీనికి జవాబు చెప్పవచ్చు. చరిత్ర విద్యార్థిగా మీరు మరో ప్రశ్న కూడా వేసుకోవాలి: మొదటి చిత్రం ఏ పరిస్థితులలో తయారైంది? రీమేక్ నాటికి వాటిలో ఏవి మారాయి?

ముందుగా ఒక తేడాను గుర్తుంచుకోండి. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకునికి చెప్పకుండా పేల్చితే కలిగేది ఆశ్చర్యం. అది క్షణంలో ముగుస్తుంది. బాంబు సంగతి ప్రేక్షకునికి ముందే చెప్పి, ఏమీ తెలియని పాత్రలను ఆ బల్ల దగ్గర కబుర్లు చెప్పుకోనిస్తే కలిగేది ఉత్కంఠ. దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ ఉదాహరణను తరచూ చెప్పేవాడు. ఆశ్చర్యం ఒక్కసారికే పనికివస్తుంది. ఉత్కంఠను మాత్రం మళ్లీ కొత్తగా కల్పించవచ్చు.

2. ఒకే దర్శకుడు, రెండు చిత్రాలు

హిచ్‌కాక్ తన 'ది మ్యాన్ హూ న్యూ టూ మచ్' చిత్రాన్ని 1934లో బ్రిటన్‌లోనూ, 1956లో హాలీవుడ్‌లోనూ తీశాడు. మొదటిది సుమారు 75 నిమిషాల నలుపు తెలుపు చిత్రం. రెండోది రెండు గంటల రంగుల చిత్రం. రెండింటిలోనూ దుండగులు ఒక బిడ్డను ఎత్తుకుపోతారు. రెండింటిలోనూ లండన్‌లోని ఆల్బర్ట్ హాల్‌లో తాళాలు మోగే క్షణాన తుపాకీ పేలవలసి ఉంటుంది.

అయితే తల్లి పాత్రను గమనించండి. 1934లో ఆమె గురి తప్పని షూటర్. చివరకు బిడ్డను తుపాకీతోనే కాపాడుకుంటుంది. 1956లో ఆమె ఒకప్పటి గాయని. ఆమె పాట పై అంతస్తులో బందీగా ఉన్న కొడుకు చెవిన పడుతుంది; వాడు ఈలతో బదులిస్తాడు. కథ ఎముకల గూడు అదే, బిడ్డను వెతికే దారి మాత్రం కొత్తది. అందుకే ఈ రెండింటిలో ఏది మేలన్న చర్చ నేటికీ తెగలేదు.

3. మూలాన్ని మరుగుపరచిన రీమేక్

పాట్రిక్ హామిల్టన్ నాటకం ఆధారంగా థొరాల్డ్ డికిన్సన్ 1940లో బ్రిటన్‌లో 'గ్యాస్‌లైట్' తీశాడు. ఇంట్లో మరోచోట దీపం వెలిగించినప్పుడల్లా భార్య గదిలోని గ్యాస్ దీపం మందగిస్తుంది. అది ఆమె భ్రమేనని భర్త నమ్మిస్తాడు. ఈ చిత్రంలో భర్త దుర్మార్గం మనకు త్వరగానే తెలిసిపోతుంది.

1944లో జార్జ్ క్యూకర్ ఎం.జి.ఎం. సంస్థకు తీసిన చిత్రం ప్రేమ, పెళ్లి, కాపురం అనే క్రమంలో నెమ్మదిగా నడుస్తుంది. ప్రేమించినవాడే చెరసాల కావడాన్ని మనం మెట్టుమెట్టుగా చూస్తాం. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఉత్తమ నటి ఆస్కార్ లభించింది. ఒక మనిషి తన తెలివిని తానే శంకించుకునేలా చేయడానికి ఇంగ్లీషులో 'గ్యాస్‌లైటింగ్' అనే మాట ఈ కథ పేరు నుంచే వచ్చింది.

ఇక్కడ మరో సంగతి ఉంది. రీమేక్ హక్కులు పొందిన ఎం.జి.ఎం., పాత చిత్రం ప్రతులను లేకుండా చేయడానికి ప్రయత్నించినట్లు చలనచిత్ర చరిత్రకారులు నమోదు చేశారు. డికిన్సన్ చిత్రం అదృష్టవశాత్తు మిగిలింది. మూలమే దక్కకపోతే పోలిక ఎక్కడిది? ఏది గొప్పదన్న తీర్పుకు ముందు రెండు చిత్రాలూ భద్రంగా ఉండాలి.

4. అక్షరాలా అనుసరించిన రీమేక్

హిచ్‌కాక్ 'సైకో' (1960) సుమారు 8 లక్షల డాలర్లతో, టెలివిజన్ సిబ్బంది సాయంతో తయారైంది. పేరున్న తార జానెట్ లీ పాత్ర సగం కథైనా కాకముందే హత్యకు గురవుతుంది. ఆటకు ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి రానివ్వవద్దని హిచ్‌కాక్ థియేటర్లను కోరింది ఇందుకే. నలుపు తెలుపు వల్ల స్నానాల గదిలోని రక్తం సెన్సారు హద్దు దాటలేదు.

1998లో గస్ వాన్ శాంట్ అదే స్క్రీన్‌ప్లేను, దాదాపు అవే షాట్లతో, రంగులలో తీశాడు. మూలానికి ఇంత విధేయంగా ఉన్న రీమేక్ అరుదు. అయినా విమర్శకులలో ఎక్కువమంది పెదవి విరిచారు. కారణం ఆలోచించండి. పాత చిత్రంలోని ఒక్కో షాటూ 1960 నాటి ఒక ఇబ్బందికి దొరికిన పరిష్కారం. 1998 నాటికి ఆ సెన్సారు లేదు, ఆ రహస్యమూ లేదు. సమస్యలు పోయాక పరిష్కారాలను మాత్రమే తెచ్చి పెట్టినట్లయింది.

5. సారాంశం

మూలాన్ని ఎంత దగ్గరగా అనుసరించిందన్నది రీమేక్‌కు కొలబద్ద కాదు. తన కాలపు ప్రేక్షకుడు దేనికి భయపడతాడో కనిపెట్టిన రీమేక్ మూలం పక్కన తలెత్తుకు నిలుస్తుంది. కనిపెట్టలేనిది నకలుగా మిగులుతుంది.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'సైకో' రెండు రూపాల తయారీ పరిస్థితులలో గల తేడాలేవి?
2. పాత చిత్రాల ప్రతులను భద్రపరచడం చరిత్ర రచనకు ఎందుకు అవసరం?
3. మలయాళ 'దృశ్యం' (2013), వెంకటేష్ నటించిన తెలుగు 'దృశ్యం' (2014) చూడండి. కథ ముందే తెలిసినా మీలో ఉత్కంఠ నిలిచిన ఒక సన్నివేశాన్ని ఎన్నుకొని, కారణాలను 10 వాక్యాలలో రాయండి.